కొత్త ఇంజనుతో సముద్రాన్ని లాగిన రోజు

కొత్తగా బాగుచేయించిన ఇంజనును, నలభై మంది పిల్లల సంబరాన్ని, మా బావ దగ్గర నాకున్న పిసరంత పరువును ఒకే అరగంటలో ముంచేసిన ఘనుడెవరని కావలి నుంచి బిట్రగుంట దాకా దండోరా వేయించండి. చెయ్యెత్తేది నేనొక్కణ్ణే.

పన్నెండేళ్ల కిందటి మాట. మా అక్క భర్త ప్రసాదు బావ సముద్రపు ఒడ్డున ఏటీవీ తిప్పేవాడు. అంటే నాలుగు లావు చక్రాల ఇసుక బండి. పిల్లల్ని ఎక్కించుకుని ఒడ్డు వెంబడి తిప్పడమే ఆయన బతుకుతెరువు. బండి ముసలిదై, అది వదిలే పొగకి శ్రీలంకలో వానమబ్బనుకుని గొడుగులు తెరిచేవాళ్లు. చివరికి కావలి మెకానిక్కు మస్తానన్న ఇంజను విప్పి, పిస్టను ఆడే గొట్టాన్ని బోరు చేసి, కొత్త పిస్టను, రింగులు వేసి శుక్రవారం అప్పగించాడు.

బావకేమో చిల్లకూరులో బంధువుల పెళ్లి. వెళ్తూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆదివారం ఆరాధన అయినాక సండేస్కూలు పిల్లకాయలందరూ ఒడ్డుకొస్తారు. తలా ఒక రౌండు తిప్పుతానని పాస్టరుగారి ముందర మాటిచ్చినా. బండి నీ చేతుల్లో పెడతా ఉండా బామ్మర్దీ!"

"పసిబిడ్డనుకోండన్నా," అన్నాడు మస్తానన్న. "కొత్త రింగులు బోరులో సర్దుకోవాల. ఇరవై నిమిషాలు మెల్లంగా తిప్పండి, ఆపి చల్లారనీండి, మళ్లా తిప్పండి. రేసు చెయ్యొద్దు. బరువెయ్యొద్దు."

"నాకు చెప్తావేందన్నా? ఇంజన్ల మధ్యన పుట్టినోణ్ణి!" అన్నాను. పుట్టింది బిట్రగుంట రైల్వే క్వార్టర్సులో. కిటికీలోంచి ఇంజన్లు కనపడేవి. నాకున్న యంత్రశాస్త్రమంతా అదే.

శుక్రవారం బుద్ధిగానే గడిచింది. ఎంత మెల్లగా నడిపానంటే, ఒక ఎండ్రకాయ నన్ను దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూసింది.

శనివారం పొద్దున మాత్రం నా ఖర్మ కాలి జాలర్లు పెద్ద వల లాగుతున్నారు. దీని సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. వలను పడవలో తీసుకెళ్లి సముద్రంలో చుట్టుగా వేసి, దాని రెండు తాళ్లనూ ఒడ్డు మీద రెండు జట్లు లాగుతాయి. దారినపోయే వాడైనా సరే, తాడు మీద చెయ్యి వేస్తే వాడికీ చేపల్లో ఒక పాలు ఇస్తారు. అది అక్కడి ఆనవాయితీ. ఒక చేతికే గుప్పెడు నెత్తళ్లు వస్తే, ఒక ఇంజనుకు ఎన్ని రావాలి? నా బుర్రలో అప్పుడే పులుసు ఉడకడం మొదలైంది.

"పోలయ్య మామా! మీ పదిమందీ తాడొదిలి కూర్చోండి. నా బండి లాగతాది," అన్నాను జట్టు పెద్దతో.

"వద్దబ్బయా. సముద్రం గుంజితే ఊరికే ఉండదు."

"పదిమంది పాళ్లూ నాకొద్దులే మామా, అయిదు చాలు!"

"పాళ్లు తర్వాత. ముందు బండి ఉంటాదా అని!"

బరువు వెయ్యొద్దన్నాడు గానీ మస్తానన్న వల లాగొద్దని చెప్పలేదు కదా! చూశారా, చెడిపోయే బుర్రకు తర్కం ఎంత చక్కగా పనిచేస్తుందో. తాడు తెచ్చి బండి వెనక ఇనపకడ్డీకి కట్టాను. జట్టు తప్పుకుంది. యాక్సిలేటరు చివరంటా తిప్పాను.

బండి సింహంలా గర్జించింది. చక్రాలు గిర్రున తిరిగాయి. ఇసుక లేచి వెనకనున్న జట్టు మొహాలు కడిగింది. అంతా బాగానే ఉంది గానీ, ఎదురుగా ఉన్న తాటిచెట్లు దగ్గరకు రావడానికి బదులు దూరమైపోతున్నాయి!

"అబ్బయా, ఎనక్కి పోతా ఉండావు!"

"గేరు సర్దుకుంటా ఉండాది మామా!"

"చక్రాలు తడిసినయ్యి! ఆపు సామీ!"

ఆపుతానా? ఇంకా రేసు చేశాను. ఇంజను ఈల వేసింది, ఏడ్చింది, "టక్" అని ఒక్క మాటని ఊరుకుంది. పిస్టను బోరులో పట్టేసి బిగుసుకుపోయింది. ఆ పైన అలొకటి వచ్చి నడుం దాకా తడిపింది. రెండు జట్లూ కలిసి వలనూ, బండినీ, బండి మీద నన్నూ ఒడ్డుకు లాగాయి.

పాళ్లు పంచే చోట సిగ్గు లేకుండా నిలబడ్డాను. పోలయ్య మామ తలెత్తి చూశాడు.

"నీకు పాలేంది నాయనా? నిన్ను లాగినందుకు మా పాళ్లు నువ్వియ్యాల."

మస్తానన్నకు ఫోను చేశాను.

"ఇంజను పట్టేసిందన్నా."

"ఏం చేసినారు?"

"చిన్న వల... లాగించినా."

"అట్టనే నాలుగు రొయ్యలు కూడా వలిపించక పోయినారా అన్నా!" అని పెట్టేశాడు.

ఆదివారం పిల్లలు వచ్చేశారు. పెళ్లి నుంచి పొద్దున్నే దిగిన బావ నన్ను తిట్టలేదు. అందుకే భయం వేసింది. చచ్చిన బండిని చూశాడు, వరసలో నిలబడ్డ పిల్లల్ని చూశాడు, తాడు తెచ్చి ఒక కొస బండికీ, ఇంకో కొస నా నడుముకూ కట్టాడు.

"మాటిచ్చినా బామ్మర్దీ. లాగు."

లాగాను. నలభై రౌండ్లు! పోలయ్య మామ జట్టు ఒడ్డున కూర్చుని ప్రతి రౌండుకూ ఈలలు వేసింది. ముప్పయ్యో రౌండులో రెండు జడల పిల్ల దిగి, నేరుగా బావ దగ్గరికి నడిచింది.

"అంకుల్, పోయినసారి బండే బాగుండాది. ఇది ఊరికే నీళ్లడగతా ఉండాది."

అందుకే చదువరులారా, మీరందరూ సాక్షిగా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ఒట్టు వేస్తున్నాను. కొత్త ఇంజను నా చేతికొస్తే ఇక ఏ నాటికీ, ఏ ఆశకూ లొంగి సముద్రంతో పోటీ పడను. పిల్లకాలవతోనైతే మాత్రం, అప్పటి నా ఒంట్లో ఓపికను బట్టి ఆలోచిస్తాను.