చింతపండుతో తోమిన గవ్వ

మా మామా ఇంటి మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, పాత ఇటలీ అద్దం ఒకటి ఉంది. దాని చట్రానికి కుడివైపు కింద ఒక గవ్వ మాత్రం ఎర్రగా ఉంటుంది. చుట్టాలొచ్చి “ఎవరు పాడుచేశారు?” అని పనివాళ్ళ వైపు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఖతార్‌లో ఇంటి యజమానురాలిని మేము మామా అంటాం. మదీనత్ ఖలీఫాలో ఈ పెద్దావిడకు నేను చాలా ఏళ్ళుగా డ్రైవర్ని. అద్దం తెప్పించింది చనిపోయిన ఆమె భర్త. పెట్టె విప్పిన రోజు నేనూ ఒక చెయ్యి వేశాను. చట్రం నిండా గవ్వలు, వంపులు, మెలితిరిగిన ఆకులు. ఎడమకూ కుడికీ పొంతన లేదు. చెక్కినవాడికి పని రాదనుకున్నాను. తర్వాత బండిలో కూర్చుని ఫోన్‌లో చదివితే తెలిసింది, రొకోకో శైలి అంటే అంతేనట. కొయ్య మీద సుద్ద, సుద్ద మీద ఎర్రమట్టి, ఆపైన ఊపిరి తగిలితే లేచిపోయే బంగారు రేకు. బడిలో నేర్చింది తక్కువ. నాకు తెలిసిందంతా ఇలా బండిలో కాచుకుని కూర్చున్నప్పుడు చదివిందే.

మొన్న రంజాన్ పండగ ముందురోజు, కోనసీమ నుంచి కొత్తగా పనికొచ్చిన ఆమె నన్ను లోపలికి పిలిచింది. చేతిలో చింతపండు గిన్నె.

“ఇత్తడనుకున్నానండి బాబాయ్ గారూ. పండగ కదా అని దేవుడి సామాన్లు తోమినట్టు తోమేశానండి. మెరుస్తుందనుకుంటే ఇలా పుండులా అయిపోయిందండి. ఇక నన్ను ఆఫీసుకి తిప్పి పంపించేస్తారండి!”

ఆఫీసంటే పనివాళ్ళను తెప్పించే ఏజెన్సీ. అక్కడికి తిరిగి వెళ్ళిన మనిషి తర్వాత ఎవరింట్లో పడుతుందో దేవుడికే తెలియాలి.

పక్కింటి డ్రైవర్, జగిత్యాల వైపువాడు, వాకిట్లోంచి తొంగిచూశాడు. “గింతేనా కాకా? నజ్మా బజార్ల గోల్డ్ స్ప్రే దొర్కుతది. జర్ర కొట్టి ఆరవెట్టు. మామాకు కండ్లు సక్కగ కనవడయి గద!”

“ఇది బండి బంపరనుకుంటివేమిరా? కండ్లు కనపడని మనిషిని మోసం చేయమంటావా? పో అవతలికి!”

“మంచికి చెప్తే గరమైతవేందే” అని నవ్వుకుంటూ పోయాడు.

ఇంతలో సాయంత్రపు అసర్ నమాజు ముగించుకుని మామా వచ్చింది. కళ్ళు మసకే గానీ, రోజూలాగే చట్రాన్ని తడుముతూ ఆ గవ్వ దగ్గరికొచ్చేసరికి ఆమె వేలు ఆగిపోయింది.

“బుక్రా, మక్తబ్” అంది. రేపే ఆఫీసుకు. ఆ రెండు మాటలూ కోనసీమ ఆమెకు అప్పటికే తెలుసు; గిన్నె కింద పెట్టేసింది.

అన్నేళ్ళలో ఆమె ముందు నేను గొంతు పెంచింది లేదు. ఆ రోజు నా వచ్చీరాని అరబ్బీలోనే అడిగేశాను. “మామా, ఇస్త్రీ ఎట్లా చేయాలో చెప్పినారు. గహ్వా కాఫీ ఏ చేత్తో పోయాలో చెప్పినారు. ఇది కొయ్య అని ఈమెకు ఎవరైనా చెప్పినారా? మా ఇండ్లలో ఇట్లా పచ్చగా ఉండేదంతా ఇత్తడే. పండక్కి మెరవాలని తోమింది, అంతే గదా!”

మామా గిన్నె తెమ్మని సైగ చేసి వాసన చూసింది.

“తమర్ హిందీ!” అరబ్బీలో చింతపండు పేరది. ఆమె కనుబొమలు పైకి లేచాయి. “ఇది తాగేది కదా! మీరు దీనితో తోముతారా?”

“తింటాం, తోముతాం కూడా మామా.”

ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూనే సోఫాలో కూర్చుని, తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది. ఉపవాసం విడిచేటప్పుడు ఆమె భర్త ఖర్జూరం తర్వాత అడిగేది చింతపండు షర్బత్తేనట. ఆయన పోయాక ఈ ఇంట్లో ఎవరూ చేయలేదట. అద్దం వైపు తిరిగి, “చూశావా, నీ చింతపండు ఈమె నీకు ఇక్కడికే తెచ్చి పెట్టింది” అంది. నాతో కాదు.

తర్వాత కోనసీమ ఆమె వైపు చూసి, “మగ్రిబ్‌కు, ఉపవాసం విడవడానికి, ఒక గ్లాసు షర్బత్తు చెయ్యి. శుభ్రమైన గిన్నెలో” అంది.

ఈసారి ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నా వైపు చూసింది. “రేపేనాండి బాబాయ్ గారూ, ఆఫీసుకి?”

“ఆఫీసు లేదు, ఏమీ లేదు. వంటింట్లోకి పో. పంచదార కాస్త ఎక్కువ వెయ్యి.”