మొలతాడు విప్పిన రోజు

బల్మూరు అక్కకు,

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులూ ఎక్కువే. ఐదో తరగతితో బడి మానేశాను, ఏమనుకోకు. స్కానింగ్ గది ముందు బెంచీ మీద కలిసినప్పుడు మీ ఆయనకూ ఇదే జబ్బని చెప్పి, "ఎట్ల పోవాలె, ఏం జేస్తరు, అంత రాసి పంపు చెల్లె" అన్నావు. అందుకే రాస్తున్నాను.

మా ఆయన వేరుశనగ పీకుతూ చేనులోనే మూర్ఛ వచ్చి పడిపోయాడు. తలలో రక్తనాళాలు పుట్టుకతోనే చిక్కుపడి ఉన్నాయని, ఎప్పుడైనా చిట్లవచ్చని తేలింది. చిక్కు పెద్దది, లోతుగా ఉంది, కోసి తీయలేమన్నారు. ముందు సన్న గొట్టంలోంచి జిగురు లాంటి మందు పంపి కొంత మూసేస్తారట. మిగిలినదానికి కిరణాలు పెడతారట.

వనపర్తిలో తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కితే తొమ్మిది దాటాక హైదరాబాదులో దిగాము. టికెట్టుకు పెద్ద ఖర్చేం కాలేదు. జడ్చర్లలో అందరూ దిగి ఇడ్లీ తిన్నారు. ఆయన పరగడుపున ఉండాలి, నాకూ తినబుద్ధి కాలేదు. దవాఖానకు ఆటో మాట్లాడితే డ్రైవరు అడిగాడు, "పేషెంటు ఎవరే అన్న?"

"నేనే," అన్నాడు మా ఆయన.

"మంచిగనే నడుస్తున్నవ్ గద, ఇంక పరేషాన్ ఏంది?"

ఆయన తల చూపించాడు. ఆ తర్వాత డ్రైవరు దారిలో గుంత వచ్చినప్పుడల్లా ఆటో మెల్లగా పోనిచ్చాడు.

లోపల నర్సమ్మ కత్తెర పట్టుకొచ్చింది. "గొట్టం తొడకాడి నుంచి పోతది. మొలతాడు కత్తిరిస్త."

"కత్తెర పెట్టకు సిస్టర్. పెండ్లాం సచ్చినోడు తెంపుకుంటడు మొలతాడు. నా పెండ్లాం గీడనే నిలబడ్డది."

"అయితే ఆమెనే విప్పమను. సారు నీ ముచ్చట వినుకుంట కూసోడు."

సిగ్గుతో నా ముఖం మండిపోయింది. ముడి చెమటకు బిగుసుకుపోయి గోళ్లకు లొంగలేదు. చివరికి వంగి పళ్లతో లాగాను. "జర మెల్లగ, చక్కిలిగిలి అయితుంది," అన్నాడు. నర్సమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాను. సగానికి పైగా మూసుకుందని చెప్పారు. ఆ పూటంతా కాలు మడవనివ్వలేదు. రెండు నెలలకు అదే బస్సులో మళ్ళీ వెళ్ళాము. తలకు నాలుగు మరలతో ఇనుప చట్రం బిగించి కిరణాలు పెట్టి, సాయంత్రానికి పంపించేశారు.

కానీ అక్కా, చిక్కు ఆ రోజే మూసుకోదు. రెండు మూడేళ్లు పడుతుందట. అందాకా చిట్లే భయం ఉండనే ఉంటుంది. మా అత్తమ్మ, "పుండు లేదు, కుట్టు లేదు, ఏం జేసిండ్రు వాళ్లు?" అంటుంది. ఆయన చేనుకు పోతున్నాడు. చేనుకాడి బోరు మోటారు చప్పుడు ఆగితే చాలు, పడిపోయాడేమోనని చేతిలో పని వదిలి పరుగెత్తుతాను. వెళ్ళినప్పుడల్లా బాగానే ఉంటాడు.

మీరు పోయేటప్పుడు మొలతాడు ఇంట్లోనే విప్పించు, నలుగురిలో నాలాగా అవస్థ పడకు.

ఆయనకు కొత్తది కట్టాను. పాతది తెంపలేదు, పారేయలేదు. నా నడుముకే కట్టుకున్నాను, చీర లోపల. అంతా మూసుకుందని డాక్టరు చెప్పిన రోజే విప్పుతాను. ఆడది మొలతాడు కట్టిందని అత్తమ్మకు తెలిస్తే ఊరుకోదు, ఆయనకు కూడా తెల్వదు. చదివినాక ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టక్కా.