నశ్యం బుడ్డికి నేను చెప్పిన ధర

ఆ రోజుల్లో, బేరమాడని మనిషి భూమ్మీద ఉంటాడని నేను నమ్మేవాణ్ని కాదు. జగిత్యాలలో మా ఇంటిల్లిపాదీ దుకాణదారులమే. మా పెద్దనాయిన డాక్టరు ఫీజు దగ్గర కూడా బేరమాడి, తెగకపోతే జ్వరాన్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చేవాడు. ఆ విద్యతోనే బహ్రెయిన్‌లో దిగి, మనామా బజారులో పాత వస్తువులమ్మే ఒక ముసలాయన దగ్గర పనికి కుదిరాను. ఆయన్ని అందరూ బాబా అనేవారు. గల్లా వెనక అరలో ఆయనకో చైనా నశ్యం బుడ్డి ఉండేది. బొటనవేలంత. పాలలాంటి తెల్లగాజు మీద ఎర్రగాజు పొర, ఆ పొరను చెక్కి తేల్చిన తామరలు. ఒకప్పుడు ఏ దొరగారి ముక్కుకు పొడుం అందించిందో గానీ, బాబా భార్య అందులో అత్తరు పోసుకునేదట. ఆమె పోయాక దాన్ని ఇంట్లో చూడలేక, దూరం చేసుకోలేక, తెచ్చి దుకాణంలో పెట్టుకున్నాడు.

ఒక ఉదయం ఒక విదేశీ ఆవిడ వచ్చి, నేరుగా దాన్నే చూపించింది. గడప తొక్కిన మనిషికి లేదనడం బాబాకు చేతకాదు. మొహం చిన్నబుచ్చుకుని, "భాయ్, ఎలాగైనా ఆమె మనసు మళ్లించి పంపు" అని నా చెవిలో అన్నాడు. సరుకుకు వంకలు పెట్టడం నాకు ఉగ్గుపాలతో వచ్చిన పని.

"రాయి కాదు మేడం, ఉత్త గాజు."

"గాజు కాబట్టే అడుగుతున్నాను."

"మూత దీనిది కాదు."

"మూతలు మారుతుంటాయి లెండి."

"లోపలంతా పాత మరకలు!"

"కడగలేదా? ఎంత మంచిపని చేశారు!" అని బుడ్డిని గుండెకు హత్తుకుంది. (నా వంకలన్నీ ఆమెకు వరాలైపోతున్నాయి.)

ఇక మిగిలింది మా నాయిన మంత్రం: "అమ్మొద్దనుకుంటే ఆకాశమంత ధర చెప్పురా, గిరాకి దానంతటదే పోతది." దుకాణం మొత్తం అమ్మినా రానంత ధర చెప్పాను. ఆమె సగానికి అడగాలి, నేను నవ్వాలి, ఆమె అలిగి వెళ్లాలి. పద్ధతంటే అది! ఆవిడ "సరే" అని సంచీ తెరిచింది.

"ఆగండి మేడం, అది... పన్ను కలపలేదు" అని తడబడ్డాను. బాబా నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఖలాస్, భాయ్. ధర మన నోటినుంచి వచ్చింది. ఇక అది మనది కాదు." తనే దూదిలో చుట్టాడు. చుట్టేముందు మూత తీసి, కళ్లు మూసుకుని, ఒక్కసారి వాసన చూశాడు. నేను వీధిలోకి చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు ఆ ఖాళీలో ఒక ఇత్తడి కాఫీ కూజా పెట్టాను. బాబా దాన్ని పక్కకు జరిపాడు. మధ్యాహ్నం ఒక దీపం పెట్టాను. దాన్నీ జరిపాడు.

"అర బోసిగా ఉంటే గిరాకి రాదు బాబా."

"రాకపోతే రానీ."

తర్వాత నేనూ అక్కడ ఏమీ పెట్టలేదు. రోజూ ఆ చోటు తుడిచేవాణ్ని, అంతే. ఇన్నేళ్ల నా వ్యాపారంలో అంత లాభానికి మరొకటి అమ్మలేదు. పావలా మిగిలినా ఊరంతా చాటుకునే నేను, ఆ బేరం సంగతి మా నాయినకు ఇప్పటికీ చెప్పలేదు.