నవ్వుతున్న శని

పిల్లల యానిమేషన్ కథకు గ్రహాల బొమ్మలు గీయడం నా పని. ఆ రోజు మణుగూరు బస్సులో ట్యాబ్ తెరిచి శనికి బూరెబుగ్గలు, నవ్వు పెట్టి, వలయాన్ని ఈత ట్యూబులా నడుముకు తొడిగాను.

అప్పటిదాకా ఫోన్లో ఎవరినో దబాయిస్తున్న పక్కసీటు పెద్దమనిషి తొంగిచూశాడు.

"గీ లావోడెవరు?"

"శని గ్రహమండీ."

గబగబా నీలంరాయి ఉంగరాన్ని కళ్ళకద్దుకున్నాడు. "శనికి నవ్వేంది? సదువుకున్నోళ్ళ తెలివి గిట్లనే ఏడుస్తది! ఆయన్ని చూసినంక ఎనక్కి మర్లి చూడొద్దు, తెల్వదా?"

శని గుడి నియమాన్ని ట్యాబ్‌లో బొమ్మకి కూడా పాటించే మొద్దును అదే మొదటిసారి చూడటం.

గనుల కాలనీ దగ్గర కుండపోతలో దిగాడు. గొడుగు సీటు కిందే మరిచాడు.

"మీ గొడుగండీ!" కిటికీలోంచి అరిచాను.

ఆగాడు. మెడ సగం తిరిగి, ఠక్కున మళ్ళీ ముందుకే తిరిగిపోయింది. తడుస్తూ నడిచాడు. బస్సంతా నవ్వింది, అందరికన్నా గట్టిగా నేను.

ఇప్పటికీ శనిని గీసి లేచినప్పుడల్లా ఆ మూర్ఖుణ్ణి తిట్టుకుంటాను. తిట్టుకుంటూనే, వెనక్కి చూడకుండా గది దాటుతాను.