దాజీ పేట్‌లో ఇనుప తీగల బొమ్మ

రాజమణి ఫోనెత్తడం మానేసి వారమైంది. శిల్పకళ కాలేజీలో నాతో చదువుకున్న మనిషి. సోలాపూర్‌లో ఇనుముతో బొమ్మలు చేస్తుంది. చివరికి వాళ్లమ్మ ఎత్తి, "కంట్ల నిప్పురవ్వ పడ్డది బిడ్డా" అని మాత్రం చెప్పి పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే సికింద్రాబాదులో రైలెక్కాను.

తాండూరు దాటాక ఎదురుసీటులోని సోలాపూర్ పెద్దావిడ, "చద్దర్లు కొననీకి పోతున్నవా?" అని పలకరించింది. స్నేహితురాలి కన్ను సంగతి చెప్పాను. "కాళ్జీ పడకు, ఫికరేం వద్దు. మా ఊర్ల మంచి దవాఖానలున్నయి," అని తన డబ్బాలోంచి జొన్నరొట్టె, పల్లీల చట్నీ పెట్టింది. సగం కూడా తినలేకపోయాను.

స్టేషన్ నుంచి ఆటో కొంతం చౌక్ మీదుగా తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్ చేరుస్తుంది. సందులోకి తిరగగానే మరమగ్గాల మోతలో డ్రైవరు మాట వినపడలేదు.

రాజమణి కుడికంటికి పట్టీతో గడప మీద కూర్చుని ఉంది. ఎడమకన్ను చిన్నప్పటి నుంచీ మసకే.

"గింత దూరం ఎందుకొచ్చినవ్? సాయంత్రం పట్టీ ఇప్పుతరు. అప్పటిదాంక ఏం తెల్వదు," అంది.

వెనక రేకుల షెడ్డులో, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న వాళ్లమ్మ బొమ్మ ఉంది. కాలేజీ రోజుల్లో రాజమణి పాత మగ్గాల పళ్లచక్రాలు, బోల్టులు గుట్టగా అతికి మనుషుల్ని చేసేది. అవి మనుషుల్లా కాక మిషన్లలాగే ఉన్నాయని తనే వదిలేసింది. తర్వాత సన్నని ఇనుప తీగల్ని నిలువుగా పరిచి, వాటి మీద అడ్డతీగల్ని ఒక్కొక్కటే వెల్డింగుతో అతుకుతూ ఒళ్లు కట్టడం మొదలుపెట్టింది. ఆ ఒంటిలోంచి ఆవలి గోడ కనిపిస్తుంది. ఈ బొమ్మకు ఎడమభుజం ఒక్కటే మిగిలింది.

"నల్లద్దం పెట్టుకుంటె తీగ కొస కనబడదు. ఒక్క అతుకే గదా అని తీసిన," అంది రాజమణి, రవ్వ ఎలా పడిందో చెబుతూ.

సాయంత్రం ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న వాళ్లమ్మ చేతులు ఆకు లేకుండానే బీడీ చుడుతున్నాయి. డాక్టరు పట్టీ విప్పాడు. రాజమణి నావైపే చూస్తూ ఉండిపోయింది.

"చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నవ్," అంది.

వాళ్లమ్మ ఏడ్చేసింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. మచ్చ మిగిలిందనీ, ఇంకోసారి రవ్వ పడితే చూపు దక్కదనీ, ఇక వెల్డింగు జోలికి పోవద్దనీ మరాఠీలో చెప్పాడు.

స్టేషన్ దగ్గరి లాడ్జిలో నాకు నిద్ర పట్టలేదు. పని లేని రాజమణి ఎలా బతుకుతుందో ఊహకందలేదు. పొద్దున వెళ్లేసరికి, కళ్లకు పెద్ద అద్దాలు పెట్టుకుని వాళ్ల నాన్న ముందు కూర్చుంది. ఆయన మగ్గంలో తెగిన పోగుల్ని ముడివేసే మనిషి.

"బాపూ, ఆ ముడి మల్లొక్కసారి చూపియ్యి. మెల్లగ."

ఇనుప తీగను ఎర్రగా కాల్చి, దానంతట దాన్నే చల్లారనిస్తే మెత్తబడుతుంది. కూతుర్ని దూరంగా కూర్చోబెట్టి ఆ కాల్చే పని వాళ్లమ్మే చేసింది. రాజమణి చల్లారిన తీగను పట్టకారుతో పోగులాగే మెలేసింది. మొదటి ముడి జారింది. ఇంకోటి లాగేసరికి తెగింది. తర్వాతది నిలిచింది.

"ముడి కనబడ్తది బిడ్డా," అన్నాడు నాన్న.

"కనబడనియ్యి."

నేను మధ్యాహ్నం రైలుకు బయల్దేరే వేళకు భుజం సగమైంది. సోలాపూర్ అంటే దుప్పట్లే తెలిసినవాళ్లు దాజీ పేట్ వెళితే ఆ షెడ్డు అడిగి చూడండి. అతికిన వీపు, ముడులేసిన భుజం ఒకే బొమ్మలో కనిపిస్తాయి. ఆ కన్ను గురించి నా భయం పూర్తిగా పోలేదు. అయినా రైలు కదిలాక, కిటికీకి తల ఆనించి కలబురగి వచ్చేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.