ఆఖరిదాకా వినని గొంతు

మా ఆవిడకు బ్యాంకులో ప్రమోషన్ ఇచ్చి కాకినాడ వేసిన రోజు నుంచి నిద్ర నా దగ్గరికి రావడం మానేసింది. ఢిల్లీ జనక్‌పురిలో మా మంచం ఒక్కసారిగా రామ్‌లీలా మైదానమంత అయిపోయింది. ఈ చివర నుంచి ఆ చివరకు దొర్లాలంటే మధ్యలో ఒకచోట మెట్రో మారాలి. పైగా దిగులు. గీజర్ కట్టేశానా? బాసు ‘అచ్ఛా’ అన్నదాంట్లో అర్థమేమిటి? గుండె ఇంత గట్టిగా కొట్టుకుంటే కింది వాటావాళ్ళు గొడవకు రారా?

ఆందోళన, నిద్రలేమి మీద పరిశోధన చేస్తూ మునిర్కాలో అద్దె గదిలో ఉండే తెలంగాణ అమ్మాయి ఒకతె కార్తీక వనభోజనాల్లో పరిచయమైంది. నా కళ్ళకింది సంచుల్లో నెల సామాను పడుతుందనుకుందో ఏమో, వెంటనే తన పరిశోధనలో చేర్చుకుంది.

“నిద్ర రాకుంటే మంచం మీద ఉండొద్దంకుల్. లేచి కుర్చీల కూసోండ్రి. మంచం చూస్తే నిద్రే యాదికి రావాలె, ఫికర్ కాదు.”

“నాకు మీ ఆంటీ గుర్తొస్తోందమ్మా.”

“గా ముచ్చట మా రీసెర్చ్‌ల లేదంకుల్.”

ఒళ్ళు వదులు చేసుకోవడానికి ఒక రికార్డింగ్ ఇచ్చింది. హిందీలో, మగ గొంతు. అచ్చం మా కాలనీ గేటు దగ్గరి కాపలా భయ్యా గొంతే. వింటే కాళ్ళు వదులవడం అటుంచి, లేచి నిలబడి ఐడీ కార్డు చూపించాలనిపించేది. మొరపెట్టుకుంటే తెలుగులో రాసిచ్చింది. ఎవరు చదివినా పర్లేదు, రాసింది రాసినట్టే చదవాలంది. ఆ కాగితం ఫోటో పంపితే మా ఆవిడ చదివి రికార్డు చేసి పంపింది.

“కాలి వేళ్ళు బిగించండి. ఇప్పుడు వదిలేయండి. వదిలేయమన్నానని దుప్పటిని కింద పారేయకండి. గ్యాస్ కట్టేశారా? కట్టేసే ఉంటారు లెండి, లేచి చూడకండి. ఊపిరి నెమ్మదిగా...”

అది విని పరిశోధకురాలు తల పట్టుకుంది. “నేను రాసిన దాంట్ల గ్యాస్ ఏడుందంకుల్?”

కానీ పని చేసింది. పొట్ట దాకా రాకముందే నేను గుర్రు. ఆ గుర్రుకు విమానాలు దారి మళ్ళాయట. నేను చూడలేదు, నిద్రలో ఉన్నాను.

“ఆఖర్ల కండ్లు తెరవమన్నప్పుడు ఎట్లనిపిస్తుంది?” అని తర్వాత అడిగింది. ఆఖరు నేనెప్పుడు విన్నాను కనుక! ఒకసారి పగటిపూట కూర్చుని వినమంది.

ఆదివారం మధ్యాహ్నం బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని విన్నాను. కాళ్ళయ్యాయి, పొట్టయింది, భుజాలు, నుదురు. “ఇప్పుడు మెల్లిగా కళ్ళు తెరవండి.” అయిపోయిందనుకుంటే, కాదు. కాకినాడ ఫ్యాను కిర్రుమంటోంది. తర్వాత, చాలా చిన్నగా:

“పడుకున్నారా? పడుకునే ఉంటారు. నాకిక్కడ నిద్ర పట్టట్లేదండీ. ఫోన్‌లో చెబితే మీకు కంగారు. అందుకే మీరు పడుకున్నాక చెబుతున్నాను.”

ఇన్నాళ్ళూ రోజూ చెబుతూనే ఉంది. నేను రోజూ గుర్రు పెడుతూనే ఉన్నాను.

ఫోన్ చేయలేదు. ఆ కాగితమే తీసి, గొంతు సవరించుకుని, రికార్డింగ్ నొక్కాను. “కాలి వేళ్ళు బిగించు. వదిలెయ్యి. తలుపు గడియ పెట్టే ఉంటావు, లేవకు.” కాగితం అయిపోయింది. కాసేపు ఊరుకున్నాను, ఆవిడకు నిద్ర పట్టేంతసేపు.

“పడుకున్నావా? నీవైపు దుప్పటి మడత నేనింకా విప్పలేదే.”