నలభై రెండో పేజీ కింది సంతకం

తిరుపతయ్యను కుర్చీలో అరగంట కూర్చోబెట్టిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. కొత్తగూడెం బడిలో సార్లు ప్రయత్నించారు. వరంగల్ ఇంజనీరింగు కాలేజీ రెండున్నరేళ్లు ప్రయత్నించింది. మూడో ఏడు సగంలో, పరీక్ష హాల్లో, పేపరు బల్ల మీదే వదిలేసి లేచి నడిచాడు. ఎందుకని ఇంట్లో అడిగితే “కూసోబుద్ధి కాలే” అన్నాడు. సింగరేణి గని ల్యాంప్ రూములో పనిచేసే తండ్రి ఆ మాట విని, తింటున్న కంచంలోనే చెయ్యి కడుక్కుని షిఫ్టుకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత హైదరాబాదులో కంప్యూటర్లు బాగుచేస్తూ మూడు కొలువులు మారాడు. నాలుగోది అతన్ని తెచ్చి ఐర్లండ్‌లో, కార్క్ శివార్లలో పడేసింది. కాంట్రాక్టు పని, ఒక అమెరికా కంపెనీ పరిశోధనశాలలో.

ఊరంతా క్రేన్లు లేచి ఉన్న రోజులవి. ఎవరిని కదిపినా కొత్త ఇల్లు, కొత్త కొలువు. పరిశోధనశాలలో డాక్టరేట్లున్నవాళ్లు కూర్చుని ఆలోచించేవారు. తిరుపతయ్య నడిచేవాడు. అతని పని బ్యాటరీలు మార్చడం.

మేడ నిండా అగ్గిపెట్టెలంత సెన్సర్లు రెండు వందలు అంటించి ఉన్నాయి. కప్పుకు, కారిడార్లకు, కార్లు నిలిపే చోట స్తంభాలకు. వేడి, తేమ, వెలుతురు కొలిచి, ఒకదానికొకటి రేడియోలో కబురు అందించుకుంటూ కంప్యూటరుకు చేరవేయాలి. బాగానే చేరవేసేవి. కాని పదకొండు రోజులకు బ్యాటరీలు చచ్చేవి. అందుకని తిరుపతయ్య నిచ్చెన భుజాన వేసుకుని రోజుకు పద్దెనిమిదింటికి కొత్తవి వేసేవాడు. వాచ్‌మన్ అతన్ని చూసి “ఎంతవరకు వచ్చావు, టిమ్మీ?” అని అరిచేవాడు. తిరుపతయ్య అన్న పేరు అక్కడెవరి నోటికీ పట్టలేదు.

ఆ ప్రాజెక్టు పెద్ద పద్మనాభం. కాకినాడ మనిషి, డాక్టరేటు, కార్క్‌లో పదేళ్లుగా ఉంటున్నాడు. తిరుపతయ్యతో తెలుగు మాట్లాడేవాడు, అదీ టీ వేళ మాత్రమే.

2005 అక్టోబరులో ఒకరోజు టీ తాగుతూ బ్యాటరీల మీద విసుక్కున్నాడు. “పదకొండు రోజులేంటయ్యా! దీన్నెవడు కొంటాడు?”

తిరుపతయ్య నిలబడే టీ తాగుతున్నాడు. “సార్, ఇవన్నీ పొద్దంత మెల్కొని ఎందుకుండాలె? మా నాయిన ల్యాంప్ రూముల చూడున్రి. మూడు షిఫ్టులు. ఒక షిఫ్టు దీపాలు గనిల ఉంటే తక్కినయి చార్జింగుల ఉంటయ్. కాకపోతే ఒకటే ఖాయిదా. బాయిలకు దిగేటోడు వచ్చి నిలబడ్డంకనే పైకెక్కేటోడు కదుల్తడు. జాగ ఖాళీ పెట్టరు. ఇయి గూడ గట్లనే. పక్కది ‘లేసిన’ అన్నంకనే ఇది పండాలె.”

“అదెలా కుదురుతుందోయ్” అన్నాడు పద్మనాభం. అని, కప్పు సగంలో పెట్టేసి వెళ్లిపోయాడు.

ఆ పరిశోధనశాలలో ఒక నల్ల అట్ట పుస్తకం ఉంది. బుర్రలోకి వచ్చిన ప్రతి ఆలోచనా తేదీ వేసి సిరాతో అందులో రాయాలి. పేజీ చింపకూడదు. తప్పు పడితే చెరపకూడదు. ఒకే ఒక గీత కొట్టి, పక్కన పొడి అక్షరాలు, తేదీ వేయాలి. రేపు పేటెంటు తగాదా వస్తే కోర్టులో నిలబడేది ఆ పుస్తకమే. అందుకే ప్రతి పేజీ అడుగున “చదివి అర్థం చేసుకున్నాను” అని ఒక సాక్షి సంతకం కావాలి. ఆ ఆలోచనలో చెయ్యి లేనివాడే సాక్షి కాగలడు.

పద్మనాభం శుక్రవారం శుక్రవారం పుస్తకం తెచ్చి తిరుపతయ్యకు అందించేవాడు. మిగతావాళ్లయితే కూర్చుని చదివి ప్రశ్నలు వేస్తారు. ఇతను నిచ్చెన మీద నుంచే వంగి, సంకలో బ్యాటరీల పెట్టె అలాగే ఉండగా, గీకేసేవాడు. ఒక్క పేజీ కూడా చదివిన పాపాన పోలేదు.

క్రిస్మస్ నాటికి బ్యాటరీలు చావడం మానేశాయి. ఫిబ్రవరికి రెండు నెలలు నిండినా ఒక్కటీ చావలేదు. తిరుపతయ్యకు మార్చడానికేమీ లేదు. అయినా నిచ్చెన భుజాన వేసుకుని కారిడార్లు తిరిగాడు, చూసేవాళ్లకు పని ఉన్నట్టుగా. కాంట్రాక్టు మార్చి ఆఖరుకు అయిపోతుంది. వర్క్ పర్మిట్ కంపెనీ పేరున ఉంది కనుక దాంతోపాటే అదీ పోతుంది. పర్మనెంటు కొలువుకు డిగ్రీ కావాలన్నారు.

అప్పుడు పేటెంట్ల వ్యవహారం చూసే మొరీన్ కబురు పెట్టింది. పుస్తకం తెరిచి అతని ముందుకు తోసింది. “శుక్రవారం ఇది లాయర్లకు వెళుతోంది. నలభై రెండో పేజీ కింద సంతకం నీదేనని చెబితే చాలు, అంతా గ్రాండ్.” అక్కడివాళ్లకు “సరే” అనడానికీ గ్రాండే.

తిరుపతయ్య మొదటిసారి పేజీ వంక చూశాడు. మూడు వరసలు గీసి ఉన్నాయి. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, మూడో షిఫ్టు. పక్కది మేలుకున్నానని చెప్పేదాకా ఇది నిద్రపోకూడదు. కింద తన సంతకం.

“ఇది నేను చెప్పింది” అన్నాడు.

మొరీన్ కలం కింద పెట్టింది. “నువ్వు చెప్పిందైతే నువ్వు సాక్షివి కాలేవు. సాక్షివైతే ఇది నీది కాదు. కనిపెట్టినవాడిగా ఇందులో నీ పేరుంటే డిగ్రీ సంగతి డైరెక్టరు పక్కన పెట్టగలడు, ఇంతకుముందు ఒకరికి పెట్టాడు కూడా. కాని నువ్వు సంతకం పెట్టావు, టిమ్మీ.”

అక్కడి నుంచి సరాసరి పద్మనాభం గదికి వెళ్లాడు.

“షిఫ్టులన్నది నాకే తట్టిందనుకున్నానయ్యా” అన్నాడు పద్మనాభం, నిజంగానే తెల్లబోయి.

“ఎట్ల తట్టింది సార్? కాకినాడల బొగ్గు బాయిలున్నయా?”

పద్మనాభానికి నవ్వొచ్చింది. వెంటనే మొహం మాడింది. “అది కాదోయ్. ఇప్పుడు కెలికితే పుస్తకం మొత్తం అనుమానంలో పడుతుంది. అన్ని పేజీలకూ సాక్షివి నువ్వేగా. చదవకుండా పెట్టానని చెబుతావా? ఆ రోజే నిన్ను గేటు బయట నిలబెడతారు. నా మాట విను. అత్లోన్ అనే ఊళ్లో వేరే కంపెనీలో తెలిసినవాళ్లున్నారు. నీ గురించి మంచిగా చెబుతాను.”

“వద్దు సార్. సదవకపోవుడు నా తప్పు. రాసుకునుడు మీ తప్పు. నా తప్పు నేను చెప్పుకుంట.”

మాట అనేశాడు కాని, శుక్రవారం దాకా మిగిలిన రెండు రోజులూ బాలింకాలిగ్‌లోని అద్దె గదికీ బస్టాపుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగాడో అతనికే తెలియదు. నోరు మూసుకుంటే అత్లోన్. నోరు తెరిస్తే గేటు బయటో, పేజీ మీద పేరో.

శుక్రవారం పొద్దున మొరీన్ గదిలోకి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పుస్తకం అడిగి, మొదటి పేజీ తీశాడు. చదివాడు. కాలు ఆడుతూనే ఉంది, మోకాలు బల్లకు తగిలి దాని మీది టీ కప్పు గలగలమంటూనే ఉంది, కాని లేవలేదు. రెండున్నర గంటలు. యాభై ఆరు పేజీలు. అర్థం కానిచోట వెనక్కి తిప్పి మళ్లీ చదివాడు. ఈలోగా పద్మనాభం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

తిరుపతయ్య నలభై రెండో పేజీ తీసి, తన సంతకం మీద ఒకే ఒక గీత కొట్టాడు. పొడి అక్షరాలు వేశాడు, తేదీ వేశాడు. పక్కన ఇంగ్లీషులో రాశాడు. “చదవకుండా పెట్టిన సంతకం. ఇవాళ చదివాను. ఇది అక్టోబరులో టీ దగ్గర నేను చెప్పిన మాట.”

“మరి తక్కిన యాభై అయిదు?” అంది మొరీన్.

“అవీ చదవకుండానే పెట్టాను. ఇప్పుడు చదివాను. ఇవాళ్టి తేదీతో మళ్లీ పెడతాను. ముప్పై ఒకటో పేజీలో లెక్క తప్పింది, అది పెట్టను.”

మొరీన్ పుస్తకాన్ని పద్మనాభం వైపు తిప్పింది. “మీరేమంటారు?”

పద్మనాభం ఆ గీతను చూశాడు. చింపడానికి లేదు, చెరపడానికి లేదు. ముప్పై ఒకటో పేజీ తిప్పి చూశాడు. లెక్క నిజంగానే తప్పింది. చివరికి కలం మూత తీసి, నలభై రెండో పేజీ పైన తన పేరు పక్కన ఆనించి ఆగిపోయాడు.

“నీ ఇంటిపేరేంటయ్యా?” అన్నాడు, కలిసి పనిచేసిన మూడేళ్ల తర్వాత.

“ఆకారపు.”

రాశాడు. తేదీ వేశాడు. మొరీన్ ఆ పేజీ చూసుకుని నిట్టూర్చింది. లాయర్లకు ఇవాళ పోదనీ, డైరెక్టరు ఇద్దరినీ ఉతికి ఆరేస్తాడనీ, సోమవారం అతని దగ్గరికి తనే తీసుకెళతాననీ చెప్పింది. “ముందు దీనికి కొత్త సాక్షి కావాలి.”

తిరుపతయ్య అప్పటికే లేచి గుమ్మం దాటాడు. రెండున్నర గంటలు కూర్చున్న కాళ్లు అవి. కారిడార్ లోంచి వెనక్కి తిరిగి తెలుగులో అరిచాడు.

“ఎవలొచ్చినా సరే సార్, సదివి పెట్టమనున్రి!”